స్లీవ్ వేసుకుంటున్నా చేతి వాపు తగ్గడం లేదా? సమస్య - పరిష్కారం

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంక గ్రంథులు తీయించుకుని, ఆపై కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నవారికి చేతిలో ద్రవం చేరి వచ్చే లింఫెడిమా వాపు పూర్తిగా పోయేది కాదని, అదుపులో ఉంచుకోవలసినదని మీకు తెలిసే ఉంటుంది. స్లీవ్ (వాపును అణచడానికి చేతికి వేసుకునే బిగుతైన సాగే తొడుగు), వ్యాయామం, చర్మ సంరక్షణ అలవాటైనవారి కోసమే ఇది రాస్తున్నాను. హనుమకొండలో నా దగ్గరికి ఫిజియోథెరపీకి వచ్చేవారిలో చాలామంది చేయని పని ఒక్కటే, కొలత తీయడం. దర్జీ టేపుతో మణికట్టు నుంచి పైకి ప్రతి పది సెంటీమీటర్లకు ఒకచోట, రెండు చేతులనూ పొద్దున్నే కొలిచి రాసిపెట్టుకోండి. ఆ లెక్క లేకుండా పెరిగిందో తగ్గిందో నేను కూడా చెప్పలేను.

లక్షణం: స్లీవ్ రోజూ వేసుకుంటున్నా సాయంత్రానికి చేయి బరువెక్కుతుంది.

పరకాల వైపు నుంచి వచ్చిన ఒకామెకు నాలుగు వారాలు పొరల కట్లు కట్టి వాపు దించాను. స్లీవ్‌కు మారిన పది రోజుల్లోనే మళ్లీ మొదటికి వచ్చింది. ఉప్పు తగ్గించమన్నాను, పత్తి ఏరడం మానమన్నాను, వ్యాయామం సరిగా చేయడం లేదేమోనని అనుమానించాను. చివరికి ఒకరోజు నా ఎదుటే ఆమె స్లీవ్ తొడుక్కుంటే, పాత మేజోడులా సునాయాసంగా భుజం దాకా ఎక్కిపోయింది. ఏడాదిన్నర కిందట కొన్నదట. వేడినీళ్లలో బట్టల సబ్బుతో ఉతికి డాబా మీద ఎండకు ఆరేసేదట. చిరుగు లేదు, రంగు పోలేదు, పట్టు మాత్రం పోయింది. అన్ని వారాలూ నేను దాన్ని చేత్తో పట్టి చూడలేదు.

స్లీవ్ ఎక్కించడానికి కొంత కష్టపడాలి. తేలిగ్గా ఎక్కుతోందంటే, లేదా లాగి వదిలితే వెంటనే వెనక్కి రావడం లేదంటే, దాన్ని మార్చవలసిందే. రోజూ వాడేది సుమారు ఆరు నెలలకు మించి పనిచేయదు. అయితే వాచిన చేతికి కొలతలిచ్చి కొత్తది కొనకండి. ముందు శిక్షణ ఉన్నవారితో కట్లు కట్టించుకుని, వాపు దిగాక కొలతలివ్వండి. వీలైతే రెండు కొని మార్చి మార్చి వాడుకుంటూ, గోరువెచ్చని నీళ్లలో తేలికపాటి సబ్బుతో ఉతికి, పిండకుండా తువ్వాలులో ఒత్తి నీడలో ఆరేయండి.

లక్షణం: చేయి బాగుంది, మణికట్టు కింద మాత్రం వాచింది.

స్లీవ్ పై అంచు మడతపడి బిగిస్తోందేమో, గాజులు ఒత్తుతున్నాయేమో చూడండి. రెండూ కాకపోతే అరచేతికీ బిగుతు తొడుగు (గ్లవ్) అవసరమవుతుంది.

లక్షణం: ఎర్రబడటం, వేడి, చలిజ్వరం.

ఇది ఇన్‌ఫెక్షన్. పత్తి కాయ ముల్లు గీరుకున్న చిన్న గాటు చాలు. స్లీవ్, మసాజ్ ఆపి, అదే రోజు వైద్యుణ్ని కలిసి యాంటీబయాటిక్ మొదలుపెట్టించుకోండి.

బోదకాలు మాత్రలతో ఈ వాపు తగ్గదు, నీరు గుంజే మాత్రలతోనూ తగ్గదు. ఉన్నట్టుండి నొప్పితో వాచినా, చంకలో కొత్త గడ్డ తగిలినా, వేళ్లు మొద్దుబారినా మసాజ్ చేయించుకోకుండా నేరుగా క్యాన్సర్ వైద్యుల దగ్గరికి వెళ్లండి.