ఇగ్నిషన్ టైమింగ్: ముందు లైట్, తర్వాతే ల్యాప్‌టాప్

స్టాండలోన్ ఈసీయూ (కంపెనీది కాకుండా విడిగా పెట్టి, మనమే సెట్ చేసుకునే ఇంజన్ కంప్యూటర్) పెట్టిన బండికి ట్రిగ్గర్ యాంగిల్ (క్రాంక్ సెన్సర్ సిగ్నల్‌కూ పిస్టన్ పైకి చేరే చోటుకూ మధ్య కోణం) ఏడు డిగ్రీలు తప్పిందనుకోండి. మ్యాప్‌లో (పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడాలో చెప్పే పట్టికలో) 28 అని ఉన్నచోట ఇంజన్‌లో స్పార్క్ 35 దగ్గర పడుతుంది. అందుకే టైమింగ్ లైట్‌తో (స్పార్క్ పడ్డ క్షణంలోనే వెలిగి పుల్లీ మార్క్‌ను చూపే లైటు) సరిచూడకుండా మ్యాప్‌లో ఒక్క గడి కూడా ముట్టుకోవద్దు.

అంతకంటే ముందు అసలు టీడీసీ (ఒకటో సిలిండర్ పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు) ఎక్కడుందో పట్టుకోవాలి. పాత బండ్లలో క్రాంక్ పుల్లీ బయటి రింగుకీ లోపలి హబ్‌కీ మధ్య ఉండే రబ్బరు వదులైతే రింగు జారుతుంది, మార్క్ కూడా దాంతోపాటే జరుగుతుంది. బ్యాటరీ నెగటివ్ తీసి, ప్లగ్గులన్నీ విప్పి, ఒకటో సిలిండర్ ప్లగ్గు రంధ్రంలో పిస్టన్ స్టాప్ (పిస్టన్‌ను అడ్డుకునే బోల్టు) బిగించండి. పుల్లీ బోల్టుకు పానా వేసి చేత్తో మెల్లగా తిప్పండి. పిస్టన్ తగిలి ఆగినచోట, కవర్ మీది సూచికకు ఎదురుగా పుల్లీ మీద ఒక గీత గీయండి. అటు నుంచి వెనక్కి తిప్పి, మళ్లీ ఆగినచోట ఇంకోటి. ఈ రెంటికీ సరిగ్గా మధ్యన ఉన్నదే టీడీసీ. అక్కడ వైట్‌నర్ పూయండి. స్టార్టర్‌తో మాత్రం తిప్పకండి, పిస్టన్ తల దెబ్బతింటుంది.

పుల్లీ చుట్టుకొలతను 36తో భాగిస్తే 10 డిగ్రీల దూరం వస్తుంది. 450 మి.మీ. ఉంటే 12.5 మి.మీ. టీడీసీ మార్క్ నుంచి పుల్లీ తిరిగే దిశలో అంత దూరం కొలిచి రెండో మార్క్ పెట్టండి. స్టాప్ తీసేసి, అన్నీ తిరిగి బిగించండి.

ఇప్పుడు ఈసీయూలో టైమింగ్‌ను 10 దగ్గర ఫిక్స్ చేసి, లైట్ క్లిప్‌ను ఒకటో సిలిండర్ వైరుకు తగిలించండి. రెండో మార్క్ సూచికకు ఎదురుగా వచ్చేదాకా ట్రిగ్గర్ యాంగిల్ మార్చండి. వేస్టెడ్ స్పార్క్ కాయిల్ (క్రాంక్ తిరిగిన ప్రతిసారీ, అంటే రెట్టింపు సార్లు స్పార్క్ ఇచ్చేది) ఉంటే డయల్ ఉన్న లైట్లు రెట్టింపు చూపించవచ్చు, డయల్ సున్నాలో పెట్టి మార్క్ మీదే ఆధారపడండి. తర్వాత 3000 ఆర్‌పీఎమ్‌కు లేపండి. మార్క్ కదలకూడదు. మెల్లగా జరుగుతుంటే క్రాంక్ సెన్సర్ వైర్లు తారుమారై ఉండొచ్చు, లేదా లేటెన్సీ (సిగ్నల్ ఆలస్యం) సెట్టింగ్ తప్పై ఉండొచ్చు. 36-1 వీల్ (36 పళ్ల చోట ఒకటి ఖాళీగా ఉన్న ట్రిగ్గర్ చక్రం) మీద ఒక్కసారిగా 10 డిగ్రీలు దూకితే ఈసీయూ ఒక పన్ను లెక్క తప్పుతోందన్నమాట. సరైందని తేలాకే ఫిక్స్ తీసేయండి.

టర్బో లేని పెట్రోలు ఇంజన్‌కు మొదట వేసుకోదగ్గ అంకెలు: ఐడిల్‌లో 12, 3000 ఆర్‌పీఎమ్ దగ్గర 40 కేపీఏలో (ఇన్‌టేక్‌లోని గాలి పీడనం, ఇంజన్ లోడుకు కొలత) 30, 100 కేపీఏలో 18. తక్కువ లోడులో సిలిండర్‌లో చేరే మిశ్రమం సాంద్రత తక్కువగా ఉండి మెల్లగా కాలుతుంది, కాబట్టి అక్కడ స్పార్క్ ముందే పడాలి.

ఫుల్ లోడ్ పని డైనో (ఇంజన్ టార్క్ కొలిచే యంత్రం) మీదే చేయండి, రోడ్డు మీద వద్దు. ముందుగా ఫుల్ థ్రాటిల్‌లో ఏఎఫ్ఆర్ (గాలి, పెట్రోలు నిష్పత్తి) 12.5–12.8 దగ్గర స్థిరపడాలి. ఆర్‌పీఎమ్‌ను ఒకచోట నిలబెట్టి రెండేసి డిగ్రీలు పెంచుతూ టార్క్ రాసుకోండి. పెంచినా టార్క్ పెరగకపోతే రెండు డిగ్రీలు వెనక్కి రండి. బంకు పెట్రోలుతో అంతకంటే ముందే నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలినట్టు కాలడం) రావొచ్చు. తొలి చప్పుడు వినగానే కనీసం మూడు డిగ్రీలు తగ్గించండి. నాక్ చప్పుడు పట్టే పరికరాన్ని సెట్ చేయడానికి ఆ చప్పుడు ఫ్రీక్వెన్సీ అంచనా కావాలంటే, 1800ను 3.14తోనూ, మి.మీ.లో బోర్‌తోనూ భాగిస్తే కిలోహెర్ట్జ్‌లో వస్తుంది. మారుతి జిప్సీలోని 1.3 లీటర్ ఇంజన్ బోర్ 74, అంటే దాదాపు 7.7. ప్లగ్గు విప్పి లెన్సుతో చూడండి: తెల్ల పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలుంటే నాక్ మొదలైంది. మెరిసే చుక్కలైతే అది పిస్టన్ నుంచి ఊడిన అల్యూమినియం, అక్కడితో పని ఆపేయండి.

భయపడి మరీ రిటార్డ్ చేయడం (స్పార్క్‌ను ఆలస్యం చేయడం) కూడా మంచిది కాదు. మంట ఆలస్యంగా కాలుతూ సైలెన్సర్ వైపు పోతుంది, ఎగ్జాస్ట్ వాల్వులు మాడతాయి.

పొద్దున షెడ్డులో చేసిన ట్యూన్ మే నెల మధ్యాహ్నం విజయవాడ ట్రాఫిక్‌లో నిలబడాలంటే గాలి ఉష్ణోగ్రత టేబుల్ కూడా నింపాలి. మొదట 45 డిగ్రీల సెల్సియస్ దగ్గర సున్నా, 55కి రెండు డిగ్రీల రిటార్డ్, 65కి నాలుగు పెట్టి, లాగ్ చూసి సవరించండి. ట్యూన్ చేసేటప్పుడు ట్యాంకులో రోజూ కొట్టించే పెట్రోలే ఉండాలి. 100 ఆక్టేన్‌తో సెట్ చేసిన మ్యాప్‌కు మామూలు పెట్రోలు పోస్తే, మొదటి ఘాట్ ఎక్కేటప్పుడే నాక్ వినిపిస్తుంది.