ట్రైలర్ కట్టుకుని క్యాంప్‌గ్రౌండ్‌కి బయల్దేరే ముందు: ఆ 30 అడుగులు దేని కొలత?

మే నెలాఖరున వచ్చే మెమోరియల్ డే సెలవు దగ్గర పడుతోంది. పిల్లల బడులు మూసేసరికి అమెరికాలో ఉన్న మనవాళ్లలో చాలామంది ట్రైలర్, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు లాంటిది, అద్దెకు తీసుకునో, కొత్తగా కొనుక్కునో మొదటిసారి నేషనల్ పార్కుల దారి పడతారు. బరువు గురించి అందరూ అడుగుతారు. నా బండి ఎంత లాగగలదు, బ్రేక్ కంట్రోలర్ కావాలా అని. పొడవు గురించి అడిగేవాళ్లు మాత్రం తక్కువ. రిజర్వేషన్ పేజీలో 30 అడుగులు అని ఉంటుంది, మన ట్రైలర్ 26 అనుకుంటాం, డబ్బు కట్టేస్తాం. ఆ 30 దేన్ని కొలిచిన అంకె అన్న ప్రశ్న చీకటి పడ్డాక, ఒకవైపే వెళ్లే సన్నటి రోడ్డులో, వెనక మూడు బండ్లు ఆగి ఉన్నప్పుడు గానీ తట్టదు.

మాకు అలాగే తట్టింది. మూడేళ్ల కిందట ఒక స్టేట్ పార్కులో మా ట్రైలర్ మాకిచ్చిన చోట్లో, అంటే సైట్‌లో, సరిగ్గా పట్టింది. పికప్ ముందు భాగం మాత్రం నాలుగు అడుగులు రోడ్డు మీదే ఉండిపోయింది. రేంజర్ వచ్చి, కోప్పడకుండానే, బండి విప్పి దూరంగా ఉన్న పార్కింగ్‌లో పెట్టమన్నారు. నేను బండి తీసుకెళ్లి పెట్టి, అర మైలు చీకట్లో నడిచొచ్చేసరికి రాత్రి పదిన్నర అయింది. నిద్ర చాలక పిల్లలు ఏడుస్తున్నారు. తప్పు పార్కుది కాదు. ఆ అంకె పక్కనే లాగే బండితో కలిపి అని రాసే ఉంది, నేను చదవలేదు.

అంకె ఒకటే, అర్థాలు మూడు

కొన్నిచోట్ల ఆ అంకె ట్రైలర్ ఒక్కదానికే వర్తిస్తుంది. యోసెమిటీలోని అప్పర్ పైన్స్ చూడండి: మోటర్‌హోమ్‌కి, అంటే ఇంజినూ ఇల్లూ ఒకటిగా ఉండే బండికి, 35 అడుగులు, ట్రైలర్‌కి 24 అడుగులు. ఒకే క్యాంప్‌గ్రౌండ్‌లో రెండు అంకెలు. ట్రైలర్‌కి తక్కువ ఇవ్వడానికి కారణం ఉంది. దాని ముందు ఇంకో బండి ఉంటుంది, పైగా మలుపుల్లో ట్రైలర్ చక్రాలు బండి చక్రాల జాడలో నడవవు, లోపలివైపుకి జరిగి అడ్డదారి పడతాయి. ఆర్వీ (ఇలాంటి ఇళ్ల బండ్లకు వాడే పొట్టి పేరు) 35 అన్న మాట దగ్గరే చదవడం ఆపేసి 28 అడుగుల ట్రైలర్‌తో వెళ్తే ఇబ్బంది పడేది మీరే.

ఇంకొన్నిచోట్ల అది రెండూ కలిపిన కొలత. జాషువా ట్రీ పార్కులో హిడెన్ వ్యాలీ, వైట్ ట్యాంక్ క్యాంప్‌గ్రౌండ్‌లలో లాగే బండి, ట్రైలర్ కలిపి 25 అడుగులు దాటకూడదు. మూడు వరుసల సీట్లున్న మామూలు ఎస్‌యూవీయే 16, 17 అడుగులు ఉంటుంది. మిగిలిన 8, 9 అడుగుల్లో ఏం పడుతుంది? చిన్న టియర్‌డ్రాప్ ట్రైలర్‌కి కూడా కష్టమే. 25 అన్న అంకె చూసి 22 అడుగుల ట్రైలర్ తీసుకెళ్లేవాళ్లు ఈ లెక్క వేసుకోరు. గ్రాండ్ కేన్యన్ సౌత్ రిమ్‌లో మేథర్ క్యాంప్‌గ్రౌండ్ పరిమితి 30 అడుగులు. దానికి దగ్గర్లోనే ఉన్న ట్రైలర్ విలేజ్‌లో 50 అడుగుల దాకా పట్టే పుల్-త్రూ సైట్లున్నాయి, అంటే ఒక చివర లోపలికి వెళ్లి రెండో చివర బయటికి వచ్చేవి. పొడవు ఎక్కువైతే యాత్రే మానుకోనక్కర్లేదు, పక్క క్యాంప్‌గ్రౌండ్ చూసుకుంటే సరిపోతుంది.

మూడోది సైట్ కొలత. ప్రభుత్వ బుకింగ్ వెబ్‌సైట్ రిక్రియేషన్ డాట్ గవ్‌లో క్యాంప్‌గ్రౌండ్ మొత్తానికి చెప్పే మాట వేరు, ఒక్కో సైట్ మీద నొక్కితే కనిపించే వివరాలు వేరు. అక్కడ మ్యాక్స్ వెహికల్ లెంగ్త్ అని ఒకటి, డ్రైవ్‌వే లెంగ్త్ అని ఒకటి, డ్రైవ్‌వే ఎంట్రీ అని ఇంకొకటి ఉంటాయి. చివరిది బ్యాక్-ఇన్ సైటో, అంటే రివర్స్‌లో పెట్టాల్సినదో, పుల్-త్రూ సైటో చెబుతుంది. మ్యాక్స్ వెహికల్ లెంగ్త్, డ్రైవ్‌వే లెంగ్త్ రెండూ వేర్వేరుగా ఉంటే చిన్న అంకెనే నమ్మండి. కలిపి అని ఎక్కడా రాయకపోయినా నేను కలిపే లెక్కేస్తాను. అనుమానం ఉంటే పార్కుకి ఫోన్ చేసి, ట్రైలర్ ఒక్కదానికా, రెండిటికీ కలిపా, రెండో బండి ఎక్కడ పెట్టాలి అని అడిగేస్తాను. ఐదు నిమిషాల పని.

మోడల్ పేరులోని అంకెను నమ్మకండి

ట్రైలర్ పేరులో 24 అని ఉంటే అది చాలాసార్లు లోపలి గది పొడవుకి దగ్గరగా ఉండే అంకె. ముందు ఉండే టంగ్, అంటే గ్యాస్ సిలిండర్లూ బ్యాటరీ కూర్చునే ఆ త్రికోణపు ఇనుప చట్రం, మూడు నాలుగు అడుగులు కలుపుతుంది. వెనక బంపర్, స్టెప్నీ, సైకిళ్ల స్టాండ్ ఉంటే అవీ కలుస్తాయి. అలా 24 అని పిలిచే ట్రైలర్ 28 దాటిపోవడం మామూలే.

అందుకే టేపు పట్టుకుని మీరే కొలవండి. ట్రైలర్‌ని బండికి తగిలించి, ఖాళీ పార్కింగ్‌లో తిన్నగా నిలబెట్టి, బండి ముందు బంపర్ నుంచి ట్రైలర్ చిట్టచివరి వస్తువు దాకా ఒక కొలత. ఇదే మొత్తం పొడవు. బండి వెనక ట్రైలర్ తగిలించే హిచ్ బంతి మీద కూర్చునే కప్లర్ మొన నుంచి వెనక చివర దాకా రెండో కొలత, ఇది ట్రైలర్ ఒక్కదానిది. అద్దాలతో కలిపి వెడల్పు, నేల నుంచి పైకప్పు మీది ఏసీ నెత్తి దాకా ఎత్తు కూడా రాసుకోండి. సైట్ సరిపోయినా వాలిన కొమ్మ ఏసీ కవర్ పగలగొడితే ఏడుపే. ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి డ్రైవర్ ఎదురుగా అతికించండి.

ఎవరూ చెప్పని కొలత ఇంకొకటుంది: ట్రైలర్ వెనక చక్రం నుంచి వెనక చివర దాకా ఎంత దూరమో చూడండి. చాలా సైట్లకు చివర అడ్డంగా ఒక దుంగో సిమెంటు దిమ్మో ఉంటుంది. చక్రాలు అక్కడ ఆగితే ఆ వెనక భాగం దిమ్మ దాటి గాలిలో ఉంటుంది. కిందా వెనకా మొక్కలు, రాళ్లు, గట్టు ఏవీ లేకపోతే కొన్ని అడుగులు కలిసొస్తాయి. కానీ దాన్ని నమ్ముకుని బుక్ చేయొద్దు. అక్కడికి వెళ్లాక దొరికితే దొరికినట్టు.

అద్దె ట్రైలరైతే యజమాని ప్రకటనలో రాసిన పొడవు మీద ఆధారపడకండి. కప్లర్ నుంచి వెనక చివర దాకా టేపు పెట్టి ఫొటో పంపమని అడగండి. మంచి యజమాని వెంటనే పంపుతాడు.

ఈ పరిమితి చెట్ల కోసం

ఆ దుంగ అక్కడ ఎందుకుందో తెలిశాక నాకు ఈ అంకెల మీద విసుగు పోయింది. కార్లలో అడవికి వెళ్లడం మొదలైన కొత్తలో జనం ఎక్కడ పడితే అక్కడికి బండి తోలేవారు. చక్రాల కింద మట్టి గట్టిపడిపోయి, వేళ్లకు నీరూ గాలీ అందక, పెద్ద చెట్లు చచ్చిపోసాగాయి. అమెరికా ఫారెస్ట్ సర్వీస్‌లో చెట్ల జబ్బుల మీద పనిచేసిన ఇ. పి. మైనెకే అనే శాస్త్రవేత్త దీన్ని గమనించి, 1930ల మొదట్లో ఒక పద్ధతి చెప్పారు: ఒకవైపే తిరిగే సన్నటి రోడ్డు, దాని నుంచి పక్కకు ఒక కోణంలో చీలే చిన్న పార్కింగ్ ముక్క, బండి అక్కడే ఆగేలా బండరాళ్లో దుంగలో అడ్డం. 1933 నుంచి 1942 వరకు నడిచిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ (పని లేని యువకులకు పని ఇచ్చిన ప్రభుత్వ పథకం) కుర్రాళ్లు ఎన్నో పార్కుల్లో ఇలాంటి క్యాంప్‌గ్రౌండ్‌లు కట్టారు. 1956లో మొదలైన, నేషనల్ పార్కుల్లో వసతులు పెంచే మిషన్ 66 పథకంలో ఇంకా చాలా వచ్చాయి. అప్పటి కార్లూ ట్రైలర్లూ చిన్నవి. నాలుగు తలుపుల పికప్, రెండు ఇరుసుల ట్రైలర్ ఆ కొలతల్లో లేవు. మనం కాస్త సర్దుకుందాం అని దుంగ జరిపితే ఆ చక్రం కింద నలిగేది వందేళ్ల చెట్టు వేరు. దయచేసి జరపకండి.

సైట్ సరే, దారి సంగతేమిటి?

క్యాంప్‌గ్రౌండ్ పరిమితి వేరు, అక్కడికి చేర్చే రోడ్డు పరిమితి వేరు. రెండూ విడివిడిగా చూడాలి. గ్లేసియర్ పార్కులో గోయింగ్-టు-ద-సన్ రోడ్డు మీద అవలాంచ్, రైజింగ్ సన్ మధ్య బంపర్లతో కలిపి 21 అడుగులు, అద్దాలతో కలిపి 8 అడుగుల వెడల్పు దాటిన బండ్లకు అనుమతి లేదు. ట్రైలర్ కట్టుకున్న వాళ్లు దాదాపు అందరూ ఇందులోకే వస్తారు. పడమటి వైపు ఆప్గార్‌లో రెండు రాత్రులు, తూర్పున సెయింట్ మేరీలో రెండు రాత్రులు అని ప్లాన్ వేసుకుంటే, మధ్యలో ఆ కొండ దారి కాదు, పార్కు దక్షిణపు అంచున పోయే యూఎస్ 2 హైవే చుట్టుకుని వెళ్లాలి. ఆ రోజు ప్రయాణం ఎక్కువ అవుతుందని పిల్లలకు ముందే చెప్పండి.

టెక్సస్‌లో ఉన్నవాళ్లకు బిగ్ బెండ్ దగ్గర. అక్కడ చిసోస్ బేసిన్‌లోకి దిగే రోడ్డు మీద 24 అడుగులు దాటిన ఆర్వీలు, 20 అడుగులు దాటిన ట్రైలర్లు వద్దని పార్కే చెబుతుంది, అంత నిటారు, అంత మెలికలు. సెక్వోయా పార్కులో జనరల్స్ హైవే మీద పాట్‌విషా నుంచి జయంట్ ఫారెస్ట్ దాకా ఎక్కే భాగానికి 22 అడుగుల లోపు బండ్లే రావాలని సలహా. అంతకన్నా పొడవైనవాళ్లు హైవే 198 వదిలి కింగ్స్ కేన్యన్ వైపు నుంచి హైవే 180 మీదుగా రావాలి. గూగుల్ మ్యాప్స్‌కి మీ వెనక ట్రైలర్ ఉందని తెలియదు. అది దగ్గరి దారే చూపిస్తుంది. పార్కు వెబ్‌సైట్‌లో వాహనాల పొడవుల పేజీ చదివి, దారి కాగితం మీద రాసుకోండి. లోపల చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి క్యాంప్‌గ్రౌండ్ మ్యాప్, బుకింగ్ వివరాలు కూడా ఫోన్‌లో ఫొటోలుగా దాచుకోండి.

సైట్ ఎంచుకునేటప్పుడూ, లోపలికి పెట్టేటప్పుడూ

బ్యాక్-ఇన్ సైట్ తప్పదంటే మ్యాప్‌లో రోడ్డు బాణం గుర్తు ఎటు చూపిస్తోందో చూసి, మీకు ఎడమచేతి వైపు వచ్చే సైట్ ఎంచుకోండి. డ్రైవర్ కూర్చునేది ఎడమవైపు కాబట్టి అటు వెనక్కి పెడుతుంటే కిటికీలోంచి ట్రైలర్ మొత్తం కనిపిస్తుంది. కుడివైపు సైట్ అయితే సగం దూరం గుడ్డిగా పెట్టాలి. ఈ ఒక్క విషయం చూసుకుని బుక్ చేసినప్పటి నుంచి మా ఇంట్లో రివర్స్ చేసేటప్పుడు అరుపులు తగ్గాయి.

ట్రైలర్‌కి స్లైడ్-అవుట్ ఉంటే, అంటే గోడ బయటికి జరిగి గది పెరిగేది ఉంటే, అది చాలా వాటిలో ఎడమవైపే. సైట్‌లో కరెంటు ఇచ్చే దిమ్మె ఉంటే అది కూడా సాధారణంగా ఎడమవైపే. ఆ రెండిటి మధ్య స్లైడ్ పూర్తిగా తెరుచుకునే చోటు మిగలాలి. తలుపూ, నీడకోసం బయటికి చాపే ఆవ్నింగూ కుడివైపు. సైట్ ఫొటోల్లో చెట్లు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. పొడవు సరిపోయి వెడల్పు సరిపోని సైట్లు బోలెడు.

ముందు వెలుగు ఉండగా చేరండి. సాయంత్రం నాలుగింటికల్లా చేరేలా రోజు ప్లాన్ చేసుకుంటే మిగతా తప్పులన్నీ సర్దుకోవచ్చు. సైట్ ముందు ఆగి, దిగి, మొత్తం నడిచి చూడండి: కొమ్మలు, దిమ్మలు, గుంటలు, బల్ల. స్టీరింగ్ కింది భాగాన్ని పట్టుకుంటే మీ చెయ్యి ఎటు కదిలితే ట్రైలర్ వెనక భాగం అటే వెళ్తుంది. చిన్న ట్రైలర్ చటుక్కున మడిచేసుకుంటుంది, పొడవైనది నిదానంగా తిరుగుతుంది. కాబట్టి చిన్నదే సులువు అనుకోకండి. వెనక నిలబడే మనిషి అద్దంలో మీకు కనిపిస్తూ ఉండాలి. కనిపించకపోతే వెంటనే ఆపేయండి. మా ఆయన ఫోన్‌లో మాట్లాడుతూ దారి చెబుతారు, సిగ్నల్ లేని చోట్లకి రెండు వాకీటాకీలు కొన్నాం. పిల్లల్ని ఒక పెద్దవాళ్లతో బల్ల దగ్గర కూర్చోబెట్టాకే రివర్స్ గేరు వేయండి.

ట్రైలర్ నిలిచాక, హిచ్ విప్పే ముందే, చక్రాలకు రెండువైపులా అడ్డాలు పెట్టండి. కాస్త వాలున్నా చాలు, విప్పిన ట్రైలర్ దానంతట అదే కదులుతుంది. ఇక్కడ తొందర పనికిరాదు.

పట్టలేదని తేలితే బలవంతంగా ఇరికించకండి. రోడ్డుకి అడ్డం వస్తే అంబులెన్స్, అగ్నిమాపక బండి కూడా ఆగిపోతాయి. అక్కడే ఉండి క్యాంప్‌గ్రౌండ్ చూసుకునే క్యాంప్ హోస్ట్ దగ్గరికి వెళ్లి ఉన్నమాట చెప్పండి. వేరే సైట్ ఖాళీ ఉంటే మారుస్తారు. లేకపోతే ఏం చేయాలన్నది ఇంటి దగ్గరే ఆలోచించుకోవాలి. పార్కు బయట దగ్గర్లో ఉన్న ప్రైవేట్ ఆర్వీ పార్కుల ఫోన్ నంబర్లు రెండు ఆ కాగితం మీదే రాసుకోండి.

తిరిగి వెళ్లేటప్పుడు జరిగే దెబ్బ గురించి కూడా చెప్పాలి. లోపలికి పెట్టేటప్పుడు అందరూ జాగ్రత్తగా ఉంటారు, బయటికి వచ్చేటప్పుడు తేలిగ్గా తీసుకుంటారు. సైట్‌లోంచి ఎడమవైపు తిరుగుతుంటే ట్రైలర్ వెనక కుడి మూల కుడివైపుకి ఊగుతుంది. చక్రాల వెనక ఉన్న భాగం ఎంత పొడవైతే అంత ఎక్కువ ఊగుతుంది. అక్కడ సైట్ నంబర్ కర్రో, చెట్టో ఉంటే గోడ చీరుకుపోతుంది, డ్రైవర్‌కి అద్దంలో కనిపించదు కూడా. ఒకరు ఆ మూల దగ్గర, ఊగినా తగలనంత దూరంలో నిలబడి, ట్రైలర్ చక్రాలు పూర్తిగా రోడ్డు మీదికి వచ్చేదాకా చూస్తూ ఉండాలి. ముందు కొంత దూరం తిన్నగా వచ్చి, ఆ తర్వాతే స్టీరింగ్ తిప్పండి.