పెరటి పని ఒక్కరికే గుత్తకా, విడివిడిగానా?

పెరడు బాగుచేయించాలనుకోగానే అందరూ మొదట అడిగేది "చదరపు అడుగుకి ఎంత?" అనే. మొత్తం పని ఒక్కరికే గుత్తకివ్వాలా, మేస్త్రీని, ప్లంబర్ని, ఎలక్ట్రీషియన్ని, మొక్కలవాళ్లని విడిగా పిలుచుకోవాలా అన్నది తేలకుండా ఆ రేటుకి అర్థం లేదు.

చేయించాలనుకున్న పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒకటి అయితే గానీ రెండోది మొదలవని పనుల మధ్య గీత గీయండి. నేల చదునైతేనే వాననీటి పైపుకి వాటం, అంటే నీరు పారే వాలు, కుదురుతుంది. పైపులు, కరెంటు గొట్టాలు పడ్డాకే కంకర. కంకర దిమ్మిస కొట్టాకే బండలు. బరువు పనులన్నీ అయ్యాకే మట్టి, మొక్కలు. గీతలు రెండో మూడో ఉంటే విడివిడిగా చేయించుకోవచ్చు. అంతకు మించితే, ఖర్చు కాస్త ఎక్కువైనా, ఒక్కరికే ఇవ్వడం మంచిది. పెరట్లో పని చెడేది ఎక్కువగా ఇద్దరి పనులు కలిసేచోటే.

బండలు పరిచేశాక ప్లంబర్ వచ్చాడనుకోండి. రెండు వరసలు లేపి, కాలవ తవ్వి, పైపు వేసి, తవ్విన మట్టినే ఒక్క ఊపున తోసేసి బండలు మళ్లీ పెట్టేస్తాడు. నాలుగు వానలు పడేసరికి ఆ కాలవ పొడవునా కుంగుతుంది. మట్టిని నాలుగేసి అంగుళాల పొరలుగా పోసి, ఒక్కో పొరా దిమ్మిస కొట్టి ఉంటే కుంగేది కాదు. మేస్త్రీని అడిగితే ప్లంబర్ని చూపిస్తాడు, ప్లంబర్ని అడిగితే మేస్త్రీని. ఎవరికిచ్చినా సరే, బండలు పరిచే ముందు దారి అడుగున రెండు చివర్లా మూతలు బిగించిన నాలుగంగుళాల ఖాళీ పైపు ఒకటి వేయించి ఉంచండి. రేపు తీగ లాగాలన్నా, మొక్కలకు నీటి గొట్టం లాగాలన్నా తవ్వే పని తప్పుతుంది.

విడివిడిగా చేయిస్తే గుత్తేదారు లాభం మిగిలే మాట నిజమే. ఆ లాభానికి అతను చేసే పని మాత్రం మీ నెత్తిన పడుతుంది: ఎవరు ఎప్పుడు రావాలో చూడటం, సరుకు వేళకి దింపించడం, పూడ్చే ముందు దగ్గరుండి కొలవడం. రోజూ పని దగ్గర ఉండలేనివాళ్లు ఆ జోలికి పోకపోవడమే మేలు. కూలి మాత్రమే మాట్లాడుకుంటే వృథా అయ్యే సరుకు మీ ఖాతాలోకే వస్తుంది. బండలు కొలత కన్నా 5 నుంచి 10 శాతం ఎక్కువగా, ఒకే విడతలో కొనండి. తర్వాత తెస్తే రంగు కలవదు.

రేట్లు అడిగేటప్పుడు కనీసం ముగ్గురికి ఒకే కాగితం ఇవ్వండి. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు కాంక్రీటు నాలుగంగుళాల మందం పోస్తే సుమారు 67 ఘనపుటడుగులు, మూడంగుళాలైతే 50. చదరపు అడుగు లెక్కలో రెండూ 200 అడుగులే! తక్కువ చెప్పినవాడు పావు వంతు సరుకు ఎగ్గొడుతున్నాడేమో మందం రాయకుంటే తెలియదు. మందం, కంకర పొర లోతు, వాటం, శిథిలాలు ఎవరు ఎత్తాలి, అనుమతులు ఎవరు తేవాలి, అన్నీ రాసుండాలి. వాటం ఇంటి నుంచి బయటికి, పదడుగులకి ఒకటింబావు నుంచి రెండున్నర అంగుళాలు.

నక్సా ఖరారైన పనికే మొత్తానికి ఒక రేటు మాట్లాడండి. తవ్వితే గానీ లోపల రాయి ఉందో లేదో తెలియని పనికి కొలత మీద రేటు నయం. పాత గోడ పడగొట్టడం లాంటి చిల్లర పనికి రోజుకూలి చాలు. మట్టిని ఆపే గోడ మూడడుగులు దాటితే మేస్త్రీ మాటతో సరిపెట్టుకోకండి, స్ట్రక్చరల్ ఇంజనీరు చేత గీయించండి. వెనక నీరు పోయే దారి లేక వాలిపోయే గోడలే ఎక్కువ.

డబ్బు తేదీల ప్రకారం కాదు, అయిన పని ప్రకారం ఇవ్వండి. పైపులు పూడ్చకముందు టేపు పెట్టి ఫొటో తీసుకున్నాకే ఆ వాయిదా. మధ్యలో ఏ మార్పు చేసినా ఎంత పెరుగుతుందో రాసి, ఇద్దరూ సంతకం పెట్టాకే పని కదలాలి. కాంక్రీటు కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి; ఆ వారంలోనే మట్టి బండి దాని మీదుగా ఎక్కించే మొక్కలవాళ్లుంటారు, ముందే చెప్పి ఆపండి. చివరి 5 నుంచి 10 శాతం చేతిలోనే ఉంచుకుని, గోడ వారగా నాలుగైదు బకెట్ల నీళ్లు కుమ్మరించండి. గంట తర్వాత ఎక్కడైనా మడుగు మిగిలితే చాక్‌పీసుతో చుట్టూ గీసి పిలవండి. అది సరిచేశాకే మిగతా డబ్బు.