ఉబుంటులో సీక్యూఆర్‌లాగ్: హామ్ లాగ్‌బుక్‌ను కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడం

ఏ తేదీన, ఏ సమయానికి, ఏ ఫ్రీక్వెన్సీ మీద, ఏ కాల్‌సైన్‌తో (స్టేషన్ గుర్తింపు పేరుతో) మాట్లాడామో లాగ్‌బుక్‌లో రాసుకోవడం ప్రతి హామ్‌కూ, అంటే అభిరుచిగా రేడియో స్టేషన్ నడిపేవారికి, తప్పని పని. నెల్లూరులో మా మేడమీది గదిలో ఈ పని చాలాకాలం రూళ్ల నోటుపుస్తకంలోనే సాగింది. ఒక తుపాను రాత్రి కిటికీలోంచి కొట్టిన జల్లుకు రెండు పుస్తకాల సిరా అలుక్కుపోయిన తరువాత ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో సీక్యూఆర్‌లాగ్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం వేసుకున్నాను. అయినా పుస్తకంలో రాయడం మానలేదు.

టెర్మినల్ తెరిచి ముందుగా 'సుడో ఆప్ట్ అప్‌డేట్', ఆ తరువాత 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ సీక్యూఆర్‌లాగ్ మేరియాడీబీ-సర్వర్' అన్న ఆదేశాలను ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి. ఈ ప్రోగ్రాం లాగ్‌ను డేటాబేస్‌లో దాస్తుంది కాబట్టి మేరియాడీబీ అనే డేటాబేస్ ప్రోగ్రాంను కూడా పేరుపెట్టి అడుగుతున్నాము. మొదటిసారి తెరిచినప్పుడు సమాచారాన్ని ఈ కంప్యూటర్‌లోనే దాచాలా అని అడిగితే అవునని చెప్పండి. మేరియాడీబీకి బదులు మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ ప్రోగ్రాం ఉన్న యంత్రాల్లో, హోమ్ ఫోల్డర్‌లో రాయడానికి యాప్‌ఆర్మర్ అనే ఉబుంటు భద్రతా వ్యవస్థ ఒప్పుకోక, డేటాబేస్ మొదలు కాకపోవచ్చు.

రేడియోను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపేవారు 'సుడో అడ్‌యూజర్' అని టైపు చేసి, దాని పక్కన తమ యూజర్ పేరు, ఆ తరువాత 'డయలౌట్' అని చేర్చి, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లోపలికి రావాలి. లేకపోతే సీరియల్ పోర్టును తెరిచే అనుమతి ఉండదు. ప్రిఫరెన్సెస్‌లో రేడియో మోడల్‌ను, పోర్టును ఎంచుకొని, రేడియో మెనూలో ఉన్న బాడ్ రేటునే (సమాచారం పంపే వేగాన్నే) ఇక్కడా ఇవ్వాలి. నన్ను బాగా తిప్పలు పెట్టింది సీహెచ్340 చిప్ ఉన్న చవక కేబుల్. ఉబుంటు 22.04లో దాన్ని గుచ్చగానే పోర్టు కనబడి, రెప్పపాటులో మాయమయ్యేది. బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం ఆ చిప్‌ను తన పరికరమనుకొని పట్టేసుకోవడమే దీనికి కారణం. బ్రెయిలీ పరికరం అవసరం లేని ఇంట్లో ఆ ప్రోగ్రాంను తీసేస్తే సరిపోతుంది.

అసలు జాగ్రత్తంతా సమయం దగ్గర, స్థలం దగ్గర అవసరం. లాగ్‌లో రాయవలసింది యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయం, అంటే మన గడియారం కన్నా ఐదున్నర గంటలు వెనుక. 15వ తేదీ తెల్లవారుజామున 4:30కు జపాన్ స్టేషన్ దొరికితే, లాగ్‌లో అది 14వ తేదీ 23:00 అవుతుంది. ఈ తేదీ తప్పితే అవతలివారి లాగ్‌తో మీది కలవదు, మీరిద్దరూ మాట్లాడినట్టు కన్ఫర్మేషన్ రాదు. అందుకని కంప్యూటర్ టైమ్‌జోన్‌ను ఏషియా/కోల్‌కతాగా ఉంచి, ప్రోగ్రాంలో కనబడే సమయం ఐదున్నర గంటలు తక్కువగా ఉందో లేదో మొదటి రోజే సరిచూసుకోండి.

గ్రిడ్ లొకేటర్ (భూమిని గడులుగా విభజించి, మన స్థలాన్ని అక్షరాలు, అంకెలతో చెప్పే కోడ్) విషయంలో మన జిల్లావాళ్లకు ఒక చిక్కు ఉంది. రెండు డిగ్రీల వెడల్పున్న గడుల సరిహద్దు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద పడుతుంది. ఆ గీత నెల్లూరు ఊరికి ఆనుకునే వెళ్తుంది. ఊరి నడిబొడ్డున ఉన్నవారిది ఎంకే94, మైపాడు తీరాన ఉన్నవారిది ఎన్‌కే04. కావలి కూడా ఆ గీత పక్కనే ఉంది. ఒంగోలు గీతకు తూర్పున ఎన్‌కే05లో పడుతుంది. కాబట్టి పక్కింటి మిత్రుని లొకేటర్‌ను ఎత్తి రాయకుండా, ఫోన్‌లో జీపీఎస్ చూసి మీ యాంటెనా ఉన్న చోటునే లెక్కించుకోండి. హామ్‌లు ప్రపంచాన్ని విభజించి చెప్పుకునే మండలాల సంఖ్యలు, సీక్యూ జోన్ 22, ఐటీయూ జోన్ 41 మాత్రం ఇక్కడ అందరికీ ఒకటే.

ఇక కరెంటు పోయినప్పటి మాట. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ అకస్మాత్తుగా ఆరిపోతే డేటాబేస్ చెడిపోవచ్చు కాబట్టి, ప్రిఫరెన్సెస్‌లో ఆటో బ్యాకప్‌ను ఆన్ చేసి, ప్రోగ్రాం మూసినప్పుడల్లా ఏడీఐఎఫ్ ఫైలు (లాగ్‌లను ఒక ప్రోగ్రాం నుంచి మరో దానికి మార్చుకునే ఫార్మాట్) తయారయ్యేలా పెట్టుకోండి. దాదాపు ఏ లాగింగ్ ప్రోగ్రాం అయినా ఆ ఫైలును చదవగలదు. దానిని పెన్‌డ్రైవ్‌లో వేసి, నెలకొకసారి వేరే కంప్యూటర్‌లో ఇంపోర్ట్ చేసి, రెండుచోట్లా క్యూఎస్‌వోల (రేడియో సంభాషణల) సంఖ్య ఒకటేనా అని చూడాలి.