బడితోట పెంపకం – మూడో పాఠం: కోత రోజు నుంచి వెనక్కి లెక్క

గత పాఠంలో మడులు కట్టి, మాగిన ఎరువు కలిపి నేలను సిద్ధం చేసుకున్నాం. ఈ పాఠంలో విత్తే తేదీలను నిర్ణయించుకోవడం నేర్చుకుందాం.

పొలంలో విత్తేవారు ఎండను, వానను చూసుకుంటే చాలు. బడితోటకు సెలవులు కూడా ఒక రుతువే. టమాటా నారుమడిలో నాలుగైదు వారాలు, నాటాక మరో రెండు రెండున్నర నెలలు తీసుకుంటుంది కనుక, ఆలస్యంగా మొదలుపెడితే కాయ పండే వేళకు బడికి తాళం పడి ఉంటుంది. అందువల్ల క్యాలెండరులో ముందుగా సెలవులను గుర్తించి, వాటికి వారం ముందు చివరి కోతను పెట్టుకుని, అక్కడి నుంచి పంటకాలాన్ని వెనక్కి లెక్కించాలి.

చిన్న గుండ్రని ముల్లంగి 25 నుంచి 30 రోజుల్లో కోతకు వస్తుంది. సెలవులు 30వ తేదీన మొదలైతే చివరి కోత 23న. గరిష్ఠ గడువు 30 రోజులకు, చలి వల్ల జరిగే ఆలస్యానికి మరో 7 రోజులు కలిపి 37 రోజులు వెనక్కి వెళితే, ముందటి నెలకు 30 రోజులున్నప్పుడు, 16వ తేదీ వస్తుంది. ఆ తరువాత ముల్లంగి విత్తకపోవడమే మంచిది.

అయితే మడి మొత్తాన్ని ఆ ఒక్క రోజే విత్తకూడదు. అన్నీ ఒకే వారంలో ఊరితే వంటగది వాడుకోలేదు, మిగిలిన దుంపలు బెండుబారిపోతాయి. 1996లో రోములో జరిగిన ప్రపంచ ఆహార సదస్సు ఆహార భద్రతను నిర్వచించినప్పుడు, ఆహారం అన్ని వేళలా అందాలన్న షరతు కూడా పెట్టింది. బడి వంటగదికీ అదే వర్తిస్తుంది. కాబట్టి మడిని నాలుగు భాగాలు చేసి, వారానికొక భాగం చొప్పున, నాలుగోది ఆ చివరి తేదీన పడేలా విత్తాలి.

ఇక గింజల సంఖ్య. తడిగుడ్డలో 20 గింజలు చుట్టి నీడలో ఉంచి, గుడ్డ ఆరిపోకుండా చూస్తూ, అయిదో రోజున విప్పాలి. తెల్లని వేరుమొన బయటికి వచ్చిన గింజనే లెక్కలోకి తీసుకోవాలి; కేవలం ఉబ్బిన గింజను మొలకగా లెక్కించరాదు. 15 మొలిస్తే మొలకశాతం 75. ఒక్కో భాగంలో 30 మొక్కలు కావాలంటే 30ని 75 శాతంతో భాగించి 40 గింజలు వేయాలి. ఈ లెక్కను ఉపాధ్యాయుడే చేసి గోడకు అంటించడం సులువే గాని, అప్పుడు పిల్లలకు మిగిలేది నీళ్లు పోసే పని మాత్రమే. తేదీలు, శాతాలు వారి చేతే కట్టించండి; తప్పు వస్తే మడిలో కనిపిస్తుంది, తరువాతి వారం విత్తనంలో దిద్దుకోవచ్చు.

అభ్యాసం: పొద చిక్కుడుకు 50 నుంచి 60 రోజులు పడుతుంది. మీ బడి సెలవుల తేదీ తీసుకుని దాని చివరి విత్తు తేదీని కట్టండి. కాయలు విడతలుగా కోతకు వస్తాయి కనుక కోతకాలానికి మరో రెండు వారాలు కలపడం మరవకండి. నీటి పారుదల, సెలవుల్లో కాపలా వచ్చే పాఠంలో.