ఇంగ్లిష్ వాక్యం తడబడిందా? ముందు తెలుగు ప్రత్యయం చూడండి

గ్రామర్ పరీక్షలో నూటికి తొంభై తెచ్చుకున్నవాళ్లు కూడా ఫోన్ ఎత్తగానే, మెయిల్ రాయగానే కొన్ని తప్పులు చేస్తారు. శ్రీకాకుళం వాళ్లయినా ఆదిలాబాద్ వాళ్లయినా ఆ తప్పులు దాదాపు ఒకటే. నుంచి, తో, కి, ఏ, ఓ, కదా... మాట చివర అంటుకునే ఈ చిన్న ముక్కలతో తెలుగు నడుపుకొచ్చే పనిని ఇంగ్లిష్ ఇంకెక్కడో, ఇంకోలా చేస్తుంది. అందుకే ఇంగ్లిష్ వాక్యం ఎక్కడో తేడాగా ఉందనిపిస్తే రూల్స్ తిరగేసే ముందు దాన్నే తెలుగులో ఒకసారి పైకి అనండి. బండి ఏ ప్రత్యయం దగ్గర దిగబడిందో చెవికే తెలిసిపోతుంది.

"ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్"

లక్షణం: ఇంటర్వ్యూల్లోనూ, డాక్టరు దగ్గరా ఎక్కువగా బయటపడుతుంది. "ఫ్రమ్ టూ డేస్ ఐ యామ్ సఫరింగ్" దీని తోబుట్టువే.

కారణం: ఒక్క వాక్యంలో రెండు లోపాలున్నాయి. మొదటిది "నుంచి". "2021 నుంచి" అన్నా "మూడేళ్ల నుంచి" అన్నా మనకు ఒకటే మాట. "గుంటూరు నుంచి" అన్నా అదే. ఇంగ్లిష్ మాత్రం పని మొదలైన క్షణానికి సిన్స్, గడిచిన పొడుగుకు ఫర్, బయల్దేరిన ఊరికి ఫ్రమ్ అని మూడుగా విడగొట్టుకుంది. రెండోది క్రియ. "మూడేళ్ల నుంచి పనిచేస్తున్నాను" అన్నప్పుడు మన క్రియ మామూలు వర్తమానంలోనే ఉంటుంది కాబట్టి యథాలాపంగా "యామ్ వర్కింగ్" వచ్చేస్తుంది.

సరిచేయడం: "నుంచి"కి ముందున్న మాటను క్యాలెండర్ మీద వేలుపెట్టి చూపించగలరా? సోమవారం, జూన్, 2021, నిన్న: వీటి మీద వేలు ఆగుతుంది, కాబట్టి సిన్స్. వేలు ఆగకుండా గళ్లు లెక్కపెట్టుకుంటూ పోవాల్సి వస్తే (మూడేళ్లు, రెండు రోజులు, చాలాకాలం) ఫర్. అది తేలాక "యామ్" తీసేసి "హ్యావ్ బీన్" పెట్టండి. "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్." లేదా "సిన్స్ 2021."

"నిన్నటి నుంచి జ్వరం" అన్నది "ఐ హ్యావ్ హ్యాడ్ ఎ ఫీవర్ సిన్స్ యెస్టర్డే" అవుతుంది. హ్యావ్ పక్కనే హ్యాడ్ కనబడేసరికి చాలామంది టైపింగ్ తప్పనుకుని ఒకటి చెరిపేస్తారు. చెరపకండి. మొదటిది కాలాన్ని మోసే సహాయక్రియ, రెండోది "ఉంది" అనే అర్థమిచ్చే అసలు క్రియ.

"వై యు ఆర్ లేట్?", "టెల్ మీ వేర్ ఈజ్ ది ఫైల్"

లక్షణం: ఇవి ఎదురుబొదురు తప్పులు. మొదటిదాంట్లో పదాలు తిరగబడాల్సింది, తిరగబడలేదు. రెండోదాంట్లో అక్కర్లేకపోయినా తిరగబడ్డాయి. ఒకే మనిషి గంట వ్యవధిలో రెండూ చేస్తాడు.

కారణం: తెలుగులో ప్రశ్న అడగడానికి ఏ పదమూ చోటు మారదు. "ఫైలు అక్కడుంది", "ఫైలు ఎక్కడుంది?" రెండింటి వరుసా ఒకటే. ఇంగ్లిష్ ప్రశ్నలో సహాయక్రియ కర్తకు ముందుకు రావాలని బళ్లో చెప్పారు. కంగారులో ఉన్నప్పుడు ఆ పాఠం గుర్తుకు రాదు, మరీ జాగ్రత్తపడినప్పుడేమో వాట్, వేర్, వై కనబడ్డ ప్రతిచోటా దాన్ని రుద్దేస్తాం.

సరిచేయడం: దీనికి మందు తెలుగులోనే ఉంది. ప్రశ్నను ఇంకో వాక్యంలో ఇమిడ్చినప్పుడు మనం క్రియకు "ఓ" తగిలిస్తాం: ఎక్కడుంది, ఎక్కడుందో. ఎప్పుడొస్తాడు, ఎప్పుడొస్తాడో. ఓ వినబడిన ముక్కలో ఇంగ్లిష్ పదాలను కదపకూడదు.

"ఫైలు ఎక్కడుంది?" అంటే "వేర్ ఈజ్ ది ఫైల్?" "ఫైలు ఎక్కడుందో చెప్పండి" అంటే "టెల్ మీ వేర్ ది ఫైల్ ఈజ్." "ఆయన ఎప్పుడొస్తాడో తెలుసా?" చివర ప్రశ్న గుర్తు ఉన్నా, ప్రశ్న ఉన్నది "తెలుసా"లో మాత్రమే. కాబట్టి "డు యు నో" వరకే తిరగబడుతుంది, మిగతాది "వెన్ హీ విల్ కమ్" అని నిటారుగా ఉంటుంది. "కట్టారో లేదో" అని జంటగా వస్తే వెదర్ వాడండి: "చెక్ వెదర్ దే హ్యావ్ పెయిడ్."

డు, డజ్, డిడ్ ఉన్న ప్రశ్నల్లో ఇంకో మెలిక ఉంది. "అతనికేం కావాలో తెలీదు" అన్నదాన్ని "ఐ డోంట్ నో వాట్ డజ్ హీ వాంట్" అంటారు. ఓ ఉంది కాబట్టి డజ్ వెళ్లిపోవాలి, కానీ ఊరికే పోదు, తన దగ్గరున్న "స్"ను క్రియకు అప్పగించి పోతుంది: "వాట్ హీ వాంట్స్." డిడ్ వెళ్లిపోతే భూతకాలాన్ని అప్పగిస్తుంది: "వేర్ డిడ్ హీ గో?" అన్నది "ఐ నో వేర్ హీ వెంట్" అవుతుంది.

ఈ అప్పగింతల లెక్క పట్టుబడితే "డిడ్ యు వెంట్?", "హీ డిడ్‌న్ట్ కేమ్" కూడా వాటంతటవే పోతాయి. భూతకాలం ఒక్క చోటే ఉండాలి. డిడ్ దాన్ని మోస్తున్నంతసేపూ క్రియ చేతులు ఖాళీ: గో, కమ్.

"డిడ్‌న్ట్ యు గెట్ మై మెయిల్?" "యెస్."

అన్నింటికన్నా నష్టం తెచ్చేది ఇదే, ఎందుకంటే వ్యాకరణం ప్రకారం ఏ పదమూ తప్పు కాదు. అవతల అమెరికా క్లయింటు "అందింది కాబోలు" అనుకుని ఫోన్ పెట్టేస్తాడు. ఇవతల మనవాడు "అందలేదు" అని చెప్పాననుకుంటాడు.

"మెయిల్ అందలేదా?" అంటే "అవునండీ, అందలేదు" అనడం తెలుగులో సబబే. మన అవును అడిగినాయన మాటకు తలూపుతుంది, అంటే "మీరన్నది నిజమే" అని. ఇంగ్లిష్ యెస్‌కు ఆ మర్యాద లేదు. ప్రశ్న ఎలా అడిగినా సరే, పని జరిగితే యెస్, జరక్కపోతే నో.

సరిచేయడం: వ్యతిరేక ప్రశ్నకు ఒంటి మాటతో జవాబివ్వకండి. నో అనగానే "ఐ డిడ్‌న్ట్", యెస్ అనగానే "ఐ డిడ్" వెంటనే తగిలించండి. "నో, ఐ డిడ్‌న్ట్ గెట్ ఇట్." యెస్ పక్కన నాట్ రాకూడదు, నో పక్కన నాట్ తప్పక రావాలి. "డు యు మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?" అన్నది కూడా ఈ కోవదే: మైండ్ అంటే అభ్యంతరం కాబట్టి, కూర్చోమనాలంటే "నో, ప్లీజ్ సిట్" అనాలి. యెస్ అంటే కూర్చోవద్దన్నట్టు.

"ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్"

లక్షణం: అక్కర్లేని చోట ఇంగ్. "ఐ యామ్ నోయింగ్ హిమ్", "హీ ఈజ్ వాంటింగ్ లీవ్".

కారణం: మన "తున్నాను" రెండు పనులు చేస్తుంది. ఈ క్షణాన జరుగుతున్నదాన్నీ చెబుతుంది, ఎప్పుడూ ఉండేదాన్నీ చెబుతుంది. "బ్యాంకులో పనిచేస్తున్నాడు" అన్నప్పుడు ఆ మనిషి ఇంట్లో నిద్రపోతూ ఉండొచ్చు. ఇంగ్లిష్‌లో శాశ్వతమైన ఉద్యోగానికి "హీ వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్" చాలు. "హీ ఈజ్ వర్కింగ్" అంటే ఇప్పుడు పనిలో ఉన్నాడనో, తాత్కాలికంగా చేస్తున్నాడనో అనిపిస్తుంది.

సరిచేయడం: తెలుగు వాక్యం "నాకు"తో మొదలైతే ఇంగ్ పెట్టొద్దు. నాకు తెలుసు, నాకు కావాలి, నాకు ఇష్టం, నాకు అర్థమవుతోంది, నాకు గుర్తుంది, నాకు ఇద్దరు అక్కలున్నారు. నో, వాంట్, లైక్, అండర్‌స్టాండ్, రిమెంబర్, హ్యావ్. వ్యాకరణ పుస్తకాలు పేజీ నిండా ఇచ్చే స్థితివాచక క్రియల జాబితాలో రోజూ పనికొచ్చేవి చాలావరకు మన "నాకు" కింద వచ్చి చేరతాయి. "ఐ యామ్ హ్యావింగ్ లంచ్" ఎందుకు తప్పు కాదో కూడా ఇక్కడే తెలుస్తుంది: అది "నేను తింటున్నాను", "నాకు" కాదు. ఒంటికి సంబంధించిన వాటిలో కొంచెం వెసులుబాటు ఉంది. "నాకు చలేస్తోంది" అన్నదానికి "ఐ యామ్ ఫీలింగ్ కోల్డ్" చక్కగా సరిపోతుంది.

"ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2019"

"పూర్తి చేశాను" అన్న మన మాట ఇంగ్లిష్‌లో "కంప్లీటెడ్", "హ్యావ్ కంప్లీటెడ్" రెండింటికీ సరిపోతుంది కాబట్టి, ఘనంగా వినిపించే హ్యావ్‌ను ఎంచుకుంటాం. ఎప్పుడు జరిగిందో చెప్పే మాట (2019లో, నిన్న, పోయిన నెల) వాక్యంలో ఉంటే హ్యావ్ తీసేయండి. "ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2019." తేదీ ఎత్తకపోతే హ్యావ్ ఉండొచ్చు. "ఐ హ్యాడ్ సెంట్ ది ఫైల్ యెస్టర్డే"లోని హ్యాడ్‌కూ ఇదే వైద్యం, దాని తర్వాత జరిగిన మరో పని ఏదీ చెప్పనంతవరకు. పనిలో పని, డిగ్రీ విషయంలో "పాస్డ్ అవుట్" అనకండి. పోలీసు, సైనిక అకాడమీల్లో అది శిక్షణ ముగించుకోవడం. మామూలు మాటల్లో అమెరికా వాళ్లకూ ఇంగ్లండ్ వాళ్లకూ అది స్పృహ తప్పడం.

"ఎ ఎమ్మెల్యే"నా, "యాన్ ఎమ్మెల్యే"నా?

అచ్చు శబ్దానికి ముందు యాన్ రావాలన్నది అందరికీ తెలిసిందే. అయినా తప్పు రాస్తాం, ఎందుకంటే మన నోట్లో "ఎ"కు ముందు సన్నగా ఒక "య" పలుకుతుంది: యెమ్మెల్యే, యెక్కడ. ఆ య వినబడ్డ చెవికి ఎమ్మెల్యే హల్లుతో మొదలైనట్టు ఉంటుంది. "హెచ్" ఇంకో ఉచ్చు. మనం హ పలుకుతాం, ప్రామాణిక ఇంగ్లిష్‌లో దాని పేరు "ఎయిచ్", అచ్చుతోనే మొదలు. కాబట్టి "యాన్ హెచ్ఆర్ మేనేజర్."

పొడి అక్షరాలతో మొదలయ్యే వాటికి ఈ 12 గుర్తుంచుకుంటే చాలు, వీటి ముందు యాన్: ఎ, ఇ, ఎఫ్, హెచ్, ఐ, ఎల్, ఎం, ఎన్, ఓ, ఆర్, ఎస్, ఎక్స్. యాన్ ఆర్టీసీ బస్, యాన్ ఎల్ఐసీ పాలసీ, యాన్ ఎస్ఎస్‌సీ సర్టిఫికెట్. యు ఈ జాబితాలో లేదు, దాని పేరులోనే య ఉంది: ఎ యూపీఎస్‌సీ ఎగ్జామ్, ఎ యూనివర్సిటీ. "వన్"లో వ ఉంది: ఎ వన్ వే రోడ్. అవర్, ఆనెస్ట్ అనే మాటల్లో హెచ్ రాతకే పరిమితం: యాన్ అవర్.

"టుడే ఇట్‌సెల్ఫ్", "హియర్ ఓన్లీ", "ఇజ్‌న్ట్ ఇట్"

ఇవాళే, ఇక్కడే అనడంలో ఉన్న "ఏ"కు ఇంగ్లిష్‌లో సరిసాటి ముక్క లేదు. ఓన్లీ అంటే "మాత్రమే" అయిపోతుంది: "హీ లివ్స్ హియర్ ఓన్లీ" విన్నవాడు ఇంకెక్కడా ఉండడన్నమాట అనుకుంటాడు. మాట్లాడేటప్పుడు ఆ పదాన్ని కాస్త నొక్కి పలికితే చాలు. రాసేటప్పుడు "రైట్ హియర్", "బై ది ఎండ్ ఆఫ్ టుడే" అని విడమరచండి.

"కదా" ఎవరి వెనకైనా మారకుండా అతుక్కుంటుంది, అందుకే "యు ఆర్ కమింగ్, ఇజ్‌న్ట్ ఇట్?" ఇంగ్లిష్ తోకకు వాక్యంలోని సహాయక్రియ, కర్త రెండూ కావాలి: "ఆర్‌న్ట్ యు?" అంత లెక్క తట్టనప్పుడు "రైట్?" అనేయండి. మాటల్లో అది కదా అంత సులువుగా ఇమిడిపోతుంది.

గురించి, తో, కి

ఇక్కడ సూత్రం లేదు, కంఠతా పట్టాల్సిందే. "గురించి చర్చించాం" కాబట్టి డిస్కస్ అబౌట్ అంటాం. డిస్కస్‌లోనే గురించి ఉంది: "వి డిస్కస్డ్ ది బడ్జెట్." "తో పెళ్లయింది" కాబట్టి మ్యారీడ్ విత్. కావాల్సింది మ్యారీడ్ టు. "పాటలు వింటాను"లో ఏ విభక్తీ వినబడదు కాబట్టి లిజన్ సాంగ్స్. కావాల్సింది లిజన్ టు. "కి" మరీ చిక్కుది: టెల్ తర్వాత టు రాదు, సే, ఎక్స్‌ప్లెయిన్ తర్వాత రావాలి. టెల్ మీ, సే టు మీ, ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ.

సరిచేయక్కర్లేనివి

ప్రీపోన్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకే ఎక్కింది, మన దేశంలో హాయిగా వాడుకోండి. బయటి దేశాల వాళ్లకు "మూవ్ అప్" అని రాయండి. "స్మాల్ స్మాల్ మిస్టేక్స్" మాటల్లో ముద్దొస్తుంది, మెయిల్లో ఒక స్మాల్ తీసేయండి. "కో బ్రదర్"ను దిద్దబోయే ముందు మాత్రం ఆలోచించాలి. ఇంగ్లిష్‌లో ఉన్నది బ్రదర్ ఇన్ లా ఒక్కటే, ఆ ఒక్క గదిలో బావ, బావమరిది, మరిది సర్దుకోవాలి. తోడల్లుణ్ణి కూడా అందులోకే తోస్తే ఎవరు ఎవరో తేలదు. దరఖాస్తు ఫారంలో బ్రదర్ ఇన్ లా అని నింపండి, పెళ్లిలో పరిచయం చేసేటప్పుడు కో బ్రదర్ అనే అనండి.