సీపీ-70 ఎలక్ట్రిక్ గ్రాండ్ పియానోని శ్రుతి చేయడం ఎలా?

యమహా సీపీ-70 పేరెత్తితే చాలు, "అబ్బే, దానికి శ్రుతి నిలవదండీ" అంటారు. నిలుస్తుంది. ఫోన్లో ట్యూనర్ యాప్ తెరిచి, ముల్లు మధ్యకి రాగానే లివర్ (పిన్‌ని తిప్పే పిడి) పీకేసి పక్క పిన్ (తీగ చుట్టిన మేకు) మీదకి వెళ్లిపోయేవాళ్ల చేతిలో పడితే మాత్రం నిలవదు. అలా చేస్తే ఏ పియానో అయినా రెండో పాటకే జారుతుంది. తిట్లు మాత్రం సీపీకి పడతాయి.

ఇది 1976లో వచ్చిన 73 మెట్ల వాద్యం. తర్వాత 88 మెట్లతో సీపీ-80 వచ్చింది. లోపల నిజమైన తీగలు, నిజమైన గ్రాండ్ పియానో యాక్షన్ (మెట్టు నొక్కితే సుత్తిని విసిరే యంత్రాంగం), తోలు తొడిగిన సుత్తులు ఉంటాయి. సౌండ్‌బోర్డ్ అనే, తీగల ధ్వనిని పెంచే చెక్కపలక ఒక్కటే ఉండదు. తీగల కంపనాన్ని పీజో పికప్‌లు పట్టుకుని యాంప్‌కి పంపుతాయి. ఊరూరా తిరిగే రాక్ బ్యాండ్లు డ్రమ్స్ పక్కన మామూలు గ్రాండ్‌కి మైకులు పెట్టి, అవి కూతపెడుతుంటే విసిగిపోయిన రోజుల్లో పుట్టిన పరిష్కారమిది. కవాయ్ ఈపీ-308 కూడా ఈ కోవలోదే. కింద చెప్పిన పద్ధతి చాలావరకు దానికీ పనికొస్తుంది.

కావలసినవి

మంచి ట్యూనింగ్ లివర్ ఒకటి, రబ్బరు మ్యూట్‌లు (తీగ మోగకుండా ఆపే ముక్కలు) నాలుగైదు, హెడ్‌ఫోన్స్, 440 హెర్ట్జ్ స్వరం ఇచ్చే ఏదో ఒకటి. కంటికి అద్దాలు పెట్టుకోండి, పాత తీగ తెగితే ఎటు కొడుతుందో చెప్పలేం. లివర్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. తల వదులుగా ఉండే చవక లివర్‌తో పిన్ తిరిగిందో, లివరే వంగిందో చేతికి తెలియదు. చేతికి తెలియకపోతే ఇక ముందుకెళ్లడం దండగ.

బిగించడం, కనెక్షన్లు

రెండు ముక్కలుగా విడిపోతుంది కాబట్టే దీన్ని మోయగలుగుతున్నాం. మెట్లున్న పెట్టె ఒకటి, తీగలున్న హార్ప్ ఒకటి. మొత్తం బరువు వంద కిలోల పైమాటే, కాబట్టి ఒంటరిగా ఎత్తి వీరత్వం చూపించకండి. కాళ్లు బిగించండి, హార్ప్‌ని సరిగ్గా కూర్చోబెట్టండి, లాచ్‌లన్నీ వేయండి. హార్ప్ దించేటప్పుడు సుత్తులకీ డ్యాంపర్లకీ (తీగల మోతని ఆపే మెత్తలకి) ఏదీ తగలకూడదు, అంతే.

ప్లగ్ పెట్టేముందు వెనక ప్లేటు మీద ఏ వోల్టేజ్ రాసుందో చదవండి. వేరే దేశాల కోసం తయారైన పియానోలు చేతులు మారి తిరుగుతుంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిన వాసన వచ్చాక ప్లేటు చదివి లాభం లేదు.

ట్రెమోలో (ధ్వనిని హెచ్చుతగ్గులుగా ఊపే ఎఫెక్ట్) ఆఫ్ చేయండి. బాస్, మిడిల్ నాబ్‌లు మధ్యలో ఉంచి, ట్రెబుల్ కాస్త పెంచండి. మనం వినబోయే బీట్స్ (రెండు స్వరాలు కాస్త తేడాగా మోగినప్పుడు ధ్వని ఊగడం) మూలస్వరంతో పాటు మోగే పైస్థాయి హార్మోనిక్స్‌లో ఉంటాయి కాబట్టి ఈ పెంపు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకునే శ్రుతి చేయాలి. స్టేజీ మానిటర్లతో చేసేవాళ్లున్నారు. పక్కన డ్రమ్మర్ స్నేర్ తట్టుకుంటూ, లైట్లవాడు కేకలేస్తుంటే సెకనుకి ఒక్కసారి ఊగే బీట్‌ని ఎలా వింటారో వాళ్లకే తెలియాలి. పికప్‌ల నుంచి వచ్చే సిగ్నల్‌లో గది మోత ఉండదు. మామూలు గ్రాండ్ శ్రుతి చేసేవాళ్లకి దొరకని సుఖమిది. చేతిలో ఉన్నదాన్ని వదులుకోవద్దు.

ఆగండి

వ్యానులోంచి దించగానే శ్రుతి చేయకండి. స్టేజీ మీద, షో ఎక్కడ జరుగుతుందో అక్కడే, లైట్లు వేసి కనీసం గంటసేపు వదిలేయండి. సౌండ్‌బోర్డ్ లేదు కాబట్టి గాలిలో తేమ దీన్ని మామూలు పియానో అంతగా బాధించదు. వేడి బాధిస్తుంది. వేడెక్కితే ఉక్కు తీగ సాగి శ్రుతి దిగుతుంది. చల్లటి స్టేజీ మీద అద్భుతంగా శ్రుతి చేసి, తర్వాత లైట్లు వేస్తే పడిన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

పిన్ కూర్చోబెట్టడం: అసలు పని ఇక్కడుంది

మిగతాదంతా ఏ మాన్యువల్‌లోనైనా దొరుకుతుంది. ఈ ఒక్క పని దగ్గర మాత్రం తొందరపడకండి.

ట్యూనింగ్ పిన్ చెక్కలో బిగుసుకుని ఉంటుంది. లివర్ తిప్పినప్పుడు పిన్ పైభాగం ముందు మెలిపడుతుంది, చెక్కలోని కిందిభాగం ఆ తర్వాత కదులుతుంది. చెవికి స్వరం మారింది, ముల్లు మధ్యకొచ్చింది, బాగుంది అనుకుంటాం. నిజానికి కిందిభాగం కదలనే లేదు. మెలిపడిన ఉక్కు కాసేపటికి వెనక్కి తిరుగుతుంది. అదీ "శ్రుతి నిలవదు" అనే మాటకి అసలు కారణం.

రెండోది తీగ. సుత్తి తగిలే భాగం మాత్రమే తీగ కాదు. పిన్‌కీ బేరింగ్‌కీ (తీగ ఆనుకునే అంచుకి) మధ్య ఇంకో చిన్న ముక్క ఉంటుంది. లివర్ తిప్పితే బిగువు ముందు ఆ ముక్కలోకి వస్తుంది. బేరింగ్ దగ్గరి రాపిడి వల్ల మిగతా తీగకి వెంటనే పూర్తిగా చేరదు. షోలో గట్టిగా నాలుగు కార్డ్స్ కొట్టగానే ఆ బిగువు సర్దుకుంటుంది, స్వరం కదులుతుంది.

కాబట్టి ఇలా చేయండి. లివర్‌ని తీగ సాగే దిశలోనే ఉండేలా పిన్ మీద పెట్టండి. అడ్డంగా పెడితే పిన్ తిరగడానికి బదులు వంగుతుంది, వంగినా స్వరం మారుతుంది, చెవి మోసపోతుంది. మొదట అర చిటికె వదులు చేయండి. పాత తీగకి బేరింగ్ దగ్గర తుప్పు పట్టి అతుక్కుని ఉంటే ఆ పట్టు విడుతుంది. నేరుగా పైకి లాగితే అక్కడే పుటుక్కుమంటుంది. బాస్‌లోని మరో తీగ చుట్టిన తీగలైతే అచ్చంగా అలాంటిదే మళ్లీ దొరకాలంటే తలప్రాణం తోకకొస్తుంది.

వదులు చేశాక మెల్లగా పైకి తీసుకురండి. కావలసిన స్వరానికి వెంట్రుకవాసి పైకి వెళ్లండి. ఇప్పుడు ఆ మెట్టుని గట్టిగా కొట్టండి. నిజంగా గట్టిగా, మీ బ్యాండ్లో పియానో వాయించేవాడు ఎంత కొడతాడో అంత. స్వరం కాస్త దిగుతుంది. దిగకపోతే లివర్‌ని తిప్పకుండా కిందివైపుకి చిన్నగా నొక్కండి. పిన్ కదలదు, దానిలో మిగిలిన మెలి వదులుతుంది. మళ్లీ కొట్టండి. స్వరం ఉన్నచోటే ఉంటే పిన్ కూర్చున్నట్టు. జారితే మొదటి నుంచి చేయాలి.

ఇక్కడ కళ్లు ముల్లు మీద పెట్టకండి. చేతిలో రెండు స్పర్శలు వేరువేరుగా తెలియాలి: పిన్ మెలిపడుతున్నప్పటి స్ప్రింగ్ లాంటి బిగువు ఒకటి, పిన్ చెక్కలో నిజంగా జరిగినప్పటి చిన్న "టిక్" ఒకటి. ఈ రెండోది తెలిసేదాకా షో ఉన్న పియానో మీద చేయి వేయకండి, ఎవరికీ అక్కరలేని పాత పియానో మీద నేర్చుకోండి. పిన్‌ని ముందుకీ వెనక్కీ ఊపుతూ "వెతకడం" కూడా మానండి. ఊపిన ప్రతిసారీ చెక్కలోని రంధ్రం కాస్త పెద్దదవుతుంది, కొన్నాళ్లకి ఏ పిన్ బిగువు నిలబెట్టదు.

పియానో మొత్తం బాగా దిగి ఉంటే ఒకే విడతలో అవ్వదు. తర్వాతి తీగలు బిగించేకొద్దీ ఫ్రేమ్ మీద బరువు పెరిగి ముందు చేసినవి దిగుతాయి. ముందు గబగబా రఫ్‌గా ఒక విడత, ఆపైన పిన్ కూర్చోబెడుతూ రెండో విడత. రఫ్ విడతకి కావాలంటే యాప్ వాడుకోండి, అభ్యంతరం లేదు.

మధ్య ఆక్టేవ్

రెండో విడతకి యాప్ ఎందుకు వద్దంటున్నానంటే, సీపీ తీగలు పొట్టివి. పొట్టిగా, మందంగా ఉన్న తీగలో హార్మోనిక్స్ లెక్క ప్రకారం ఉండాల్సిన చోటు కన్నా పైకి జరుగుతాయి. మామూలు ట్యూనర్ ఆ జరుగుబాటుని పట్టించుకోదు. 73 మెట్లూ ముల్లు మధ్యలోనే ఉంటాయి, ఒకే పేరుతో ఉన్న కింది, పై స్వరాల జంటలైన ఎడమ చేతి ఆక్టేవ్‌లు మాత్రం అపశ్రుతి పలుకుతాయి. పియానోలకని ప్రత్యేకంగా చేసిన, ఆక్టేవ్‌లని సాగదీసే సాఫ్ట్‌వేర్ దీనికన్నా నయం. దానికన్నా చెవి నయం.

స్వరాల పేర్లలో అక్షరం స్వరాన్ని, అంకె అది ఏ ఆక్టేవ్‌లో ఉందో చెబుతుంది. ఏ4ని 440కి పెట్టండి. దానితో ఏ3 ఆక్టేవ్ కలపండి. ఇప్పుడు ఏ3 కింద ఎఫ్3ని, రెండూ కలిపి వాయిస్తే సెకనుకి సుమారు 7 బీట్స్ వచ్చేలా పెట్టండి. ఆ బీట్స్ కింద ఎక్కడో కాదు, పైన ఏ5 స్థాయిలో వినిపిస్తాయి. చెవిని అక్కడ పెట్టండి. ఎఫ్3తో ఎఫ్4 కలపండి. ఇక ఏ3కీ ఎఫ్4కీ మధ్య సి షార్ప్4 కూర్చోవాలి. ఏ-సి షార్ప్ సెకనుకి 9 దరిదాపుల్లో, సి షార్ప్-ఎఫ్ 11 దరిదాపుల్లో ఊగాలి. అంకెల మీద పట్టుబట్టకండి, ఈ పియానోలో కాస్త అటూఇటూ అవుతాయి. ఇలా నల్లవీ తెల్లవీ కలిపి నాలుగు మెట్ల దూరంలో ఉన్న మూడు థర్డ్‌లూ ఒకదాన్ని మించి ఒకటి సమంగా వేగం పెంచుకుంటున్నాయా లేదా అన్నదే చూడాలి.

మిగతా స్వరాలు ఐదు, ఏడు మెట్ల దూరంలో ఉండే ఫోర్త్‌లు, ఫిఫ్త్‌లతో నింపండి. ఫిఫ్త్‌ని శుద్ధంగా ఉండేదానికన్నా పిసరంత ఇరుకుగా, సెకనుకి ఒక బీట్ కూడా నిండకుండా పెట్టాలి. ఫోర్త్‌ని పిసరంత వెడల్పుగా, సెకనుకి ఒకటి చొప్పున. అయ్యాక ఎఫ్ నుంచి థర్డ్‌లన్నీ వరసగా పైకి వాయించండి. ఎక్కడైనా వేగం తగ్గినా, ఉన్నట్టుండి దూకినా ఆ స్వరం తప్పు. తీగలు జంటగా ఉన్నచోట ఒకదాన్ని మ్యూట్‌తో ఆపి రెండోదాన్నే శ్రుతి చేయాలని వేరే చెప్పక్కర్లేదు.

బాస్, పైస్థాయి

బాస్‌లో మూలస్వరం బలహీనంగా ఉంటుంది కాబట్టి ముల్లు నాట్యం చేస్తుంది. దానికి బదులు ఈ పరీక్ష వాడండి. ఏ2ని ఏ3తో కలుపుతున్నారనుకోండి. మధ్యలో అప్పటికే శ్రుతి చేసిన సి3 ఉంది. ఏ2-సి3 కలిపి వాయించండి, తర్వాత సి3-ఏ3 వాయించండి. రెండూ ఒకే వేగంతో ఊగితే ఆక్టేవ్ సరిపోయింది. ఇలాగే ఒక్కో మెట్టూ దిగుతూ వెళ్లండి. పైస్థాయిలో పెద్ద రహస్యం లేదు, ఆక్టేవ్ శుద్ధంగా ఉన్నచోట ఆగి వెంట్రుకవాసి పైకి పెట్టండి.

జంట తీగలు

మ్యూట్ తీసి రెండో తీగని మొదటిదానితో కలపండి. బీట్ నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, ఆగిపోవాలి. "కొంచెం తేడా ఉంచితే సౌండ్ లావుగా ఉంటుంది" అనే సలహా మీకు ఎదురవుతుంది. వినకండి. ఆ లావు కావాలంటే కోరస్ పెడల్ ఉంది, వద్దనుకున్నప్పుడు దాన్ని కాలితో ఆపేయొచ్చు. తీగల్లో పెట్టిన తేడాని పాట మధ్యలో ఆపలేరు. రికార్డింగ్‌లో అయితే ఇంకా ఘోరం, మిక్సింగ్‌లో ఎవరూ దాన్ని సరిచేయలేరు.

ఏదైనా ఒక స్వరం ఎంత చేసినా సన్నగా, నీరసంగా వినిపిస్తే పిన్‌ని హింసించకండి. ప్లగ్ తీసి, చెవి దగ్గర పెట్టి ఆ తీగ వినండి. తీగ బాగానే మోగుతుంటే పికప్ పోయింది. తీగే మొద్దుగా మోగుతుంటే అది తీగదో సుత్తిదో లోపం. అలాగే పియానో అంతటా ధ్వని గరగరలాడుతుంటే సుత్తుల తోలు గట్టిపడి ఉంటుంది. అది వేరే పని, షో రోజున మొదలుపెట్టకూడదు.

సౌండ్‌చెక్ తర్వాత

అవుట్‌పుట్ నుంచి సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే డీఐ బాక్స్‌కి, అక్కడి నుంచి మిక్సర్‌కి. మైకు పెట్టనివ్వకండి. సౌండ్‌చెక్‌లో అరగంట గట్టిగా వాయించనిచ్చి, మళ్లీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని జంట తీగలు మాత్రం కింది నుంచి పైదాకా వినండి. జారినవాటిని అప్పుడే సర్దండి. మధ్య ఆక్టేవ్‌ని ముట్టుకోవద్దు, ఒక్కటి కదిపితే అన్నీ కదపాల్సి వస్తుంది. విరామంలో గిటారిస్ట్ వచ్చి "పియానో నాకన్నా పైనుంది" అంటే ముందు అతని ట్యూనర్ 440 మీద ఉందో లేదో చూడమనండి.